ఊకతో నికెల్ నీళ్లు బాగుపడతాయా? ప్లేటింగ్ కడుగు నీళ్ల మీద చర్చ

బందరు_శీను | మచిలీపట్నం

అందరికీ నమస్కారమండి. మాది బందరు. తాతల నాటి నుంచి మా ఇంట్లో రోల్డ్ గోల్డ్ పనే. రాగి, ఇత్తడి నగల మీద ముందు రాగి పూత, దాని మీద నికెల్, ఆఖర్న పల్చగా బంగారం వేస్తాం. ఒక్కో తొట్టిలోంచి తీయగానే నగల్ని మంచినీళ్లలో జాడిస్తాం. నికెల్ తొట్టి పక్కనే ఉండే మొదటి జాడింపు తొట్టి సాయంత్రానికల్లా లేత పచ్చగా మారిపోతుంది. నికెల్ వైపు కడుగు నీళ్లే రోజుకి రెండు వేల లీటర్ల దాకా వస్తాయి. ల్యాబ్‌కి పంపిస్తే లీటరుకి 60 మిల్లీగ్రాముల నికెల్ ఉందన్నారు. బంగారం వైపు నీళ్లు వేరే గుంటలోకి పోతాయి కానీ పని హడావుడిలో అటూ ఇటూ కలుస్తూనే ఉంటాయి.

ఇన్నాళ్లూ కాస్త సున్నం చల్లి వదిలేసేవాళ్లం. ఇప్పుడు మనసొప్పడం లేదు. ఆ నీళ్లు చేరే కాలువ కిందే మా పెదనాన్న వాళ్ల రొయ్యల చెరువులున్నాయి.

ఈ మధ్య ఒక వీడియోలో వరి ఊకతో నీళ్లలోని లోహాలు 98 శాతం పోతాయని చూపించారు. మా చుట్టూ అన్నీ రైస్ మిల్లులే, ఊకకి కొదవ లేదు. ఒక డ్రమ్ములో ఊక నింపి పైనుంచి ఈ నీళ్లు పోస్తే సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాలమ్_కుమార్ | తిరుపతి

శీను గారూ, నేను ఇదే పని మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, కాబట్టి ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

ఊక, వేరుశనగ పొట్టు, చింతగింజ తొక్క, కొబ్బరి పొట్టు, సీతాఫలం తొక్క, ఏదైనా మూలసూత్రం ఒకటే. మొక్క కణాల గోడల్లో సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్, పెక్టిన్ ఉంటాయి. వాటికి కార్బాక్సిల్, ఫినాల్ అనే పరమాణువుల గుంపులు అంటుకుని ఉంటాయి. నీళ్లలో నికెల్, రాగి, సీసం లాంటివి ధనావేశంతో తిరుగుతుంటాయి. ఆ గుంపులు తమ దగ్గరున్న హైడ్రోజన్‌నో కాల్షియంనో వదిలేసి వీటిని పట్టుకుంటాయి. మొక్క బతికి ఉండాల్సిన పని లేదు. ఎండబెట్టి పొడి చేసినా ఈ గుణం పోదు.

అందుకే పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) చాలా ముఖ్యం. నీళ్లు బాగా ఆమ్లంగా ఉంటే ఆ చోట్లన్నీ హైడ్రోజనే ఆక్రమిస్తుంది, లోహానికి సందు దొరకదు. నికెల్‌కి 5 నుంచి 6 మధ్య బాగా పనిచేస్తుంది. 8 దాటితే నికెల్ దానంతటదే హైడ్రాక్సైడ్‌గా దిగడం మొదలవుతుంది. కొన్ని పేపర్లలో ఆ దిగినదాన్ని కూడా పొట్టు ఖాతాలో వేసి గొప్ప ఫలితం అని రాసుకుంటారు.

98 శాతం సంగతికొస్తే, అది ల్యాబులో చేసిన నీళ్లలో సాధ్యమే. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే ఒక్క లోహం కలిపి, లీటరుకి పది గ్రాముల పొట్టు వేసి, గంటసేపు షేకర్ మీద ఊపితే వస్తుంది. మీ నీళ్లలో నికెల్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం, బోరిక్ ఆమ్లం, మెరుపు కోసం వేసే బ్రైటెనర్లు, సబ్బు అన్నీ ఉంటాయి. వీటిలో కాల్షియం, మెగ్నీషియం ఆ చోట్ల కోసమే పోటీ పడతాయి. కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్లతో జాడిస్తుంటే నికెల్ వాటా ఇంకా తగ్గుతుంది.

ఇంకో విషయం. పచ్చి ఊక వీటిలో బలహీనమైనది. అందులో 15 నుంచి 20 శాతం సిలికా, పైన మైనపు పొర. నీళ్లలో వేస్తే తేలుతుంది కూడా.

పద్మజ_ఈటీపీ | హైదరాబాద్

కుమార్ గారు కెమిస్ట్రీ చక్కగా చెప్పారు. నేను బాలానగర్, జీడిమెట్ల వైపు ప్లేటింగ్ యూనిట్లకి ఈటీపీలు (మురుగు నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లు) వేయిస్తుంటాను. శాతాలు చూసి ఎప్పుడూ నిర్ణయం తీసుకోకండి శీను గారూ, కిలోలు లెక్కపెట్టండి.

మీవే అంకెలు. రెండు వేల లీటర్లు, లీటరుకి 60 మిల్లీగ్రాములు. అంటే రోజుకి 120 గ్రాముల నికెల్. అసలు నీళ్లలో మామూలు ఊక గ్రాముకి 5 మిల్లీగ్రాములు పట్టుకుంటుందని ధారాళంగానే అనుకుందాం. 120 గ్రాములకి 24 కిలోల ఊక కావాలి. రోజూ. తడిసి బయటికొచ్చేసరికి అది యాభై అరవై కిలోలవుతుంది. నికెల్ పట్టిన ఆ ఊక అంతా ప్రమాదకర వ్యర్థమే.

అదే నికెల్‌ని కాస్టిక్ సోడాతోనో సున్నంతోనో పీహెచ్ 10, 10.5 దాకా తీసుకెళ్లి అడుక్కి దించితే హైడ్రాక్సైడ్‌గా పొడి బరువు 190 గ్రాములు. కాస్టిక్‌తో దించి ఫిల్టర్ ప్రెస్‌లో పిండితే తడి మడ్డి కిలోకి అటూ ఇటూ. సున్నమైతే ఇంకొంచెం పెరుగుతుంది.

కిలో మడ్డి ఒకవైపు, యాభై కిలోల తడి ఊక ఇంకోవైపు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈ రెండింటినీ 90 రోజుల లోపు అధీకృత కేంద్రానికి పంపాలి. మీకు దగ్గర్లో అంటే విశాఖ దగ్గర పరవాడ. లారీ కిరాయి, అక్కడ టన్నుకి కట్టే డబ్బు, తడి ఊక దాచడానికి షెడ్డు. "ఊక ఉచితం" అన్న మాట ఇక్కడికొచ్చేసరికి నిలబడదు.

మొక్కల పదార్థాలు వద్దని నేననను. వాటిని పెట్టాల్సిన చోటు వేరు. అది తర్వాత రాస్తాను, సైట్‌కి వెళ్లాలి.

అనంత_నారాయణ | అనంతపురం

నమస్తే. మాకు వేరుశనగ కాయలు ఒలిచే మిల్లుంది. సీజన్‌లో పొట్టు గుట్టలు గుట్టలు పడుతుంది. ఇటుక బట్టీలకి, బాయిలర్లకి అమ్ముతుంటాం. లోహాలు తీసేదానికి పనికొస్తుందంటే ప్లేటింగ్ వాళ్లకి పంపిస్తాను, రేటు మాట్లాడుకుందాం.

నా ప్రశ్న ఒకటే. మీరు వాడేసిన పొట్టుని ఎండబెట్టి మళ్లీ మాకే ఇస్తే బట్టీకి వేసుకోవచ్చు కదా? ఎవరికీ నష్టం ఉండదు, పొట్టు వృథా కాదు.

పద్మజ_ఈటీపీ

నారాయణ గారూ, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మీరు మంచి మనసుతో అడిగారని తెలుసు, కానీ ఇందులో అన్నిటికన్నా ప్రమాదం అదే.

లోహం కాలిపోదు. పొట్టు కాలిపోయాక నికెల్ అంతా బూడిదలో మిగులుతుంది, కొంత సన్నటి దుమ్ముగా పొగలో లేస్తుంది. నికెల్ సమ్మేళనాల దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లో, ముక్కు లోపల క్యాన్సర్ వస్తుందని రుజువైంది. బట్టీ దగ్గర పనిచేసేవాళ్లు పిల్లాపాపలతో అక్కడే గుడిసెల్లో ఉంటారు. ఆ బూడిద చేలో చల్లితే ఇంకో కథ.

క్రోమియం పట్టిన పొట్టయితే మరీ దారుణం. పొట్టు మీద చేరేసరికి అది చాలావరకు విషం తక్కువైన క్రోమియం 3గా మారి ఉంటుంది. గాలి ధారాళంగా తగిలే మంటలో, సున్నం లాంటి క్షారం తోడైతే అది తిరిగి బాగా విషమైన క్రోమియం 6 అవుతుంది. నీళ్లలోంచి తీసిన విషాన్ని పొగలో, బూడిదలో పెట్టి ఊరికి పంచినట్టే.

పశువుల దాణాలో కలపడం, కంపోస్టులో వేయడం కూడా అంతే. లోహం పట్టిన పొట్టు పొలం వైపు, పొయ్యి వైపు రాకూడదు. సిమెంటు కొలిమిలో కాల్చే దారి ఉంది కానీ దానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, కొలిమి వాళ్ల పరీక్షలు ఉండాలి.

అనంత_నారాయణ

అర్థమైంది మేడమ్. పొట్టు అమ్మితే వెనక్కి తీసుకోను. మా వాళ్లకీ చెప్తాను.

సరోజ_టీచర్ | ఏలూరు

మా అమ్మమ్మ కుండ లోపల ఇండుప గింజ అరగదీసి వరద నీళ్లు తేర్చేది. మునగ గింజల పొడితో కూడా నీళ్లు తేరతాయని మా బడిలో పిల్లలకి చేసి చూపిస్తాను, గంటలో బురదంతా అడుక్కి చేరుతుంది. ఇవి లోహాలకి పనికిరావా? ఇంకోటి, బందరు కాలువ నిండా గుర్రపు డెక్కే కదా. అది లోహాలు పీల్చుకుంటుందని చదివాను. దాన్నే ఈ నీళ్లలో పెంచితే?

కాలమ్_కుమార్

టీచర్ గారూ, మంచి ప్రశ్నలు. మునగ గింజలో ధనావేశం ఉన్న చిన్న ప్రోటీన్లు ఉంటాయి. బురద రేణువులకి రుణావేశం. రెండూ కలిసి ముద్ద కట్టి దిగిపోతాయి. లోహం ఆ బురదకే అంటుకుని ఉంటే దాంతో పాటు కొంత దిగుతుంది. కానీ శీను గారి నీళ్లు తేటగానే ఉన్నాయి, నికెల్ పూర్తిగా కరిగి ఉంది. తేట నీళ్లలో కరిగిన లోహాన్ని దించడం మునగ పొడితో అయ్యే పని కాదు. నూనె తీసిన మునగ పిండి కొంత పట్టుకుంటుంది, అయితే అది కూడా పొట్టు లాంటి లెక్కే. పైగా పిండి నీళ్లలో కుళ్లి సీఓడీ (నీళ్లలోని సేంద్రియ మురుగు కొలత) పెంచుతుంది.

గుర్రపు డెక్క నిజంగానే వేళ్లలో లోహాలు పోగుచేసుకుంటుంది. పల్చటి మురుగులో పెరుగుతుంది కూడా. 60 మిల్లీగ్రాముల నికెల్‌లో పెడితే ఆకులు పసుపెక్కి చచ్చిపోతుంది. చచ్చి కుళ్లితే పట్టుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే. ఎండబెట్టిన వేళ్ల పొడి వాడొచ్చు, కానీ కాలువలోంచి తెచ్చిన డెక్క అప్పటికే ఏమేం పీల్చుకుని ఉందో పరీక్షించకుండా వాడకూడదు.

బతికున్న మొక్కతో నేలనో నీళ్లనో బాగుచేయడం ఒక పద్ధతి, ఎండు పొడితో పట్టించడం ఇంకో పద్ధతి. మొదటిదానికి ఎకరాలు, నెలలు కావాలి. చైనీస్ బ్రేక్ అనే ఫెర్న్ మట్టిలోని ఆర్సెనిక్‌ని ఆకుల్లోకి లాక్కుంటుందని 2001లో ఫ్లోరిడా పరిశోధకులు ప్రకటించారు. అలాంటివి పాడైన నేలకి బాగుంటాయి. రోజూ రెండు వేల లీటర్లు వదిలే వర్క్‌షాపుకి కుదరవు.

యాదగిరి_క్రోమ్ | బాలానగర్

అన్నా, మాది క్రోమ్ ప్లేటింగ్. పసుపుపచ్చ నీళ్లు. మా దగ్గర ఒక సార్ వచ్చి తుమ్మ బెరడు పొడితో చేసి చూపించిండు. సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి పీహెచ్ 2కి దించి, బెరడు పొడి వేసి కలిపితే పసుపు రంగు మొత్తం పోయింది. టెస్ట్ కిట్‌లో గులాబీ రంగు కూడా రాలే. శీను అన్నా, నువ్వు కూడా గట్లనే యాసిడ్ పోసి చేసి చూడు.

పద్మజ_ఈటీపీ

శీను గారూ, ఆగండి! ఆ నీళ్లలో యాసిడ్ పోయొద్దు.

మీ బంగారం తొట్టిలో ఉండేది సయనైడ్ ఉప్పు. రాగి తొట్టి కూడా సయనైడ్‌దే అయ్యుండొచ్చు, తొట్టికి వేసే మందుల డబ్బాల మీద చూడండి. అటూ ఇటూ నీళ్లు కలుస్తున్నాయని మీరే రాశారు. సయనైడ్ ఉన్న నీళ్లలో యాసిడ్ పడితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు వస్తుంది. మూసి ఉన్న గదిలో అది నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. వాసన తెలుస్తుందిలే అనుకోకండి, ఆ వాసన చాలామందికి అసలు తెలియదు.

యాదగిరి గారి నీళ్లలో సయనైడ్ లేదు కాబట్టి ఆయనకి ఏమీ కాలేదు. ఆయన నీళ్లు వేరు, మీవి వేరు.

మోడరేటర్

పై పోస్టును అందరికీ ముందుగా కనిపించేలా పైన పెట్టాం. సయనైడ్ ఉండే అవకాశం ఉన్న చోట యాసిడ్ ప్రయోగాలు సూచించవద్దని సభ్యులకు మనవి.

కాలమ్_కుమార్

యాదగిరి అన్నా, మీ నీళ్ల గురించి కూడా ఒక మాట. క్రోమియం 6 నీళ్లలో రుణావేశంతో ఉంటుంది. పీహెచ్ 2 దగ్గర బెరడు పైభాగం హైడ్రోజన్ పట్టి ధనావేశంలోకి వస్తుంది, అప్పుడు క్రోమియం వచ్చి అంటుకుంటుంది. అయితే కథ అక్కడితో ఆగదు. తుమ్మ బెరడులో టానిన్ దండిగా ఉంటుంది, తోళ్లు ఊనడానికి దాన్ని తరతరాలుగా వాడింది అందుకే. ఆ టానిన్, లిగ్నిన్ కలిసి క్రోమియం 6ని క్రోమియం 3గా మార్చేస్తాయి. కొరియా పరిశోధకులు 2000 తర్వాత వరసగా చేసిన పనిలో ఇది తేటతెల్లమైంది. అప్పటిదాకా చాలా పేపర్లు "పొట్టుకి అంటుకుంది" అనే రాశాయి.

మీ కిట్‌లో ఉన్నది డైఫినైల్ కార్బజైడ్. అది క్రోమియం 6కి మాత్రమే గులాబీ, ఊదా రంగు చూపిస్తుంది. క్రోమియం 3 లీటరుకి వంద మిల్లీగ్రాములున్నా అది పలకదు. పీహెచ్ 2లో క్రోమియం 3 హాయిగా కరిగి ఉంటుంది. కాబట్టి రంగు పోయిందంటే క్రోమియం పోయిందని కాదు, రూపం మారిందని. మొత్తం క్రోమియం ఎంతో ల్యాబ్‌లో ఏఏఎస్ (లోహాల్ని కొలిచే యంత్రం) మీద చూపించండి. తర్వాత పీహెచ్ 8, 9కి పెంచి దించి తీరాలి.

యాదగిరి_క్రోమ్

గీ సంగతి ఆ సార్ చెప్పలే. మొత్తం క్రోమియం టెస్ట్‌కి రేపే పంపిస్తా. మరి క్రోమియం 6ని 3 చేసేదానికి మేము ఇప్పుడు వాడే మెటాబైసల్ఫైట్ పద్ధతే మంచిదంటారా?

పద్మజ_ఈటీపీ

మీకు అదే మంచిది యాదగిరి గారూ. ఒక గ్రాము క్రోమియం 6కి లెక్క ప్రకారం 2.7 గ్రాముల మెటాబైసల్ఫైట్ చాలు, వాడకంలో మూడు, నాలుగు అవుతుంది. బెరడు దానికి ఎన్నో రెట్లు కావాలి, పైగా నీళ్లు టీ రంగుకి తిరిగి సీఓడీ పెరుగుతుంది.

హ్యూస్టన్_మూర్తి | టెక్సాస్

ఆలస్యంగా చూశాను. నేను ఇక్కడ అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ల (నీళ్లలోని లోహాల్ని పట్టుకునే ప్లాస్టిక్ పూసల) మీద చాలాకాలం పనిచేశాను. ఈ ఆలోచన ఇక్కడ కూడా గట్టిగానే నడిచింది. 1980లు, 90లలో ఆల్గాసార్బ్ అని నాచుని సిలికాలో బంధించి గుళికలు చేశారు. యూఎస్ బ్యూరో ఆఫ్ మైన్స్ వాళ్లు పీట్ మాస్ (చిత్తడి నేలల నాచు) లాంటి ఎండు పదార్థాలని ప్లాస్టిక్ పూసల్లో ఇమిడ్చి బయో-ఫిక్స్ అని పేరు పెట్టి గని నీళ్ల మీద పరీక్షించారు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో వొలెస్కీ గారు దీని మీదే జీవితకాలం పనిచేశారు. శాస్త్రం బాగా పెరిగింది, వ్యాపారం మాత్రం నిలదొక్కుకోలేదు. రెజిన్ ప్రతి బస్తా ఒకేలా ఉంటుంది, ఏళ్ల తరబడి కడిగి వాడుకోవచ్చు. పొట్టు ఊరికో రకం, పంటకో రకం. కాలమ్‌లో (నీళ్లు పోయే నిలువు గొట్టంలో) ఉబ్బుతుంది, ముద్దకట్టి నీళ్లు దిగవు.

పొట్టుని బాగుచేసే పని కూడా జరిగింది. న్యూఆర్లీన్స్‌లో అమెరికా వ్యవసాయ శాఖ ల్యాబ్‌లో 1990ల చివర్లో సోయా పొట్టుని కాస్టిక్‌తో కడిగి, సిట్రిక్ ఆమ్లంతో కలిపి వేడి చేశారు. దాంతో కొత్తగా కార్బాక్సిల్ గుంపులు అతుక్కుని రాగిని పట్టే శక్తి బాగా పెరిగింది. వేరుశనగ పొట్టు మీదా అలాంటి పని చేశారు, నారాయణ గారికి ఆసక్తి ఉంటుందని చెప్తున్నాను. చిక్కు ఏంటంటే కాస్టిక్‌తో కడిగిన నల్ల నీళ్లు మళ్లీ ఒక మురుగు.

నెగ్గిన చోట్లు కూడా ఉన్నాయి. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో రాలిన ఆకుల కంపోస్టుని గుళికలు చేసి వాన నీటి ఫిల్టర్లలో వాడారు, రోడ్ల మీంచి కొట్టుకొచ్చే రాగి, జింక్ కోసం. మూతబడ్డ గనుల దగ్గర చెక్కపేళ్లు, ఎండుగడ్డి, పేడ, సున్నపురాయి కలిపి పెద్ద గోతుల్లో నింపుతారు. అక్కడ పొట్టు నేరుగా పట్టుకునేది కొంతే. లోపల పెరిగే బ్యాక్టీరియా సల్ఫేట్‌ని సల్ఫైడ్ చేస్తుంది, లోహాలు సల్ఫైడ్లుగా దిగిపోతాయి. లోహం పల్చగా ఉండి, నీళ్లు మెల్లగా పారి, స్థలం విశాలంగా ఉన్న చోట మొక్కల పదార్థం గెలుస్తోంది.

అన్నిటికన్నా పెద్ద గెలుపు శీను గారి వర్క్‌షాపుకే పనికొచ్చేది. కొబ్బరి చిప్పల బొగ్గు! యాక్టివేటెడ్ కార్బన్ చేశాక అది బంగారం-సయనైడ్ జంటని ఎంతో ఇష్టంగా పట్టుకుంటుంది. 1970ల నుంచి ప్రపంచమంతా బంగారు గనుల్లో నడిచేది ఇదే. చిప్ప గట్టిది కాబట్టి ఒరిపిడికి అరగదు. శీను గారూ, మీ బంగారం జాడింపు నీళ్లని చిన్న కార్బన్ కాలమ్ గుండా పంపితే మీరు ఇన్నాళ్లూ గుంటలో పోసిన బంగారం దాని మీద నిలుస్తుంది. నిండిన కార్బన్‌ని రిఫైనరీ వాళ్లు డబ్బిచ్చి తీసుకుంటారు. ఇంట్లో కాల్చి తీయాలని చూడొద్దు, అందులో సయనైడ్ ఉంటుంది. కాలమ్‌లోంచి బయటికొచ్చే నీళ్లలో కూడా సయనైడ్ అలాగే ఉంటుంది, దాని సంగతి వేరే చూడాలి.

బందరు_శీను

మూర్తి గారూ, కోనసీమ చిప్పల బొగ్గు గురించి విన్నాను గానీ ఇలా పనికొస్తుందని మాకెవరూ చెప్పలేదండి. ఆ గుంట ఎన్నేళ్ల నుంచి ఉందో తలుచుకుంటే గుండె తరుక్కుపోతోంది. పద్మజ గారూ, యాసిడ్ విషయం మా వాళ్లందరికీ వాట్సాప్‌లో పంపాను. మా బజారులో యాసిడ్ సీసా, సయనైడ్ డబ్బా ఒకే అరలో పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

నికెల్ నీళ్లకి మరి నేనేం చేయాలి?

నక్కవాగు_పక్కన | పటాన్‌చెరు

శీను తమ్ముడూ, నువ్వు ఈ ప్రశ్న అడిగినందుకే నాకు సంతోషంగా ఉంది. మేము ఫ్యాక్టరీల మురుగు పారిన నక్కవాగు పక్కన పుట్టి పెరిగాం. ఆ వాగు నీళ్లు పారే పొలాలు ఏమయ్యాయో, బోర్లలో ఎలాంటి నీళ్లొచ్చాయో కళ్లారా చూశాం. ఒకసారి భూగర్భ జలంలోకి దిగితే కోర్టులు చెప్పినా, కమిటీలు వేసినా వెనక్కి తీయడం ఎవరి వల్లా కాలేదు.

అందరూ ఒక అంకె గమనించండి. బయటికి వదిలే నీళ్లలో నికెల్ లీటరుకి 3 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. తాగే నీళ్ల ప్రమాణంలో 0.02. నూట యాభై రెట్ల తేడా. వాగులో కలిసి పల్చనవుతుందనే నమ్మకం మీద పెట్టిన అంకె అది. ఎండాకాలం వాగులో వేరే నీళ్లే లేకపోతే దేంట్లో పల్చనవుతుంది? పరీక్ష పాసయ్యాం కదా అని ఆగొద్దు. మీ ఊక, పొట్టు ఏదైనా ఆ మిగిలిన కొంచెం కూడా తీయగలిగితే మాలాంటి ఊళ్లకి అదే మేలు.

పద్మజ_ఈటీపీ

నేను ముందు చెప్పాలనుకున్న చోటు కూడా సరిగ్గా అదేనండి. మొక్కల పదార్థం ఉండాల్సింది చివర్లో.

శీను గారూ, అసలు నీళ్లలోకి పోయే నికెల్‌ని తగ్గించడంతో మొదలుపెట్టండి. నగల తీగని నికెల్ తొట్టిలోంచి ఎత్తాక అక్కడే పైన పది పదిహేను సెకన్లు ఆపండి. అంచుల్లోంచి పచ్చటి చుక్కలు తిరిగి తొట్టిలోకే పడతాయి. తీగని కొద్దిగా వాలుగా పట్టుకుంటే ఇంకా త్వరగా కారుతుంది. తర్వాత పారే నీళ్లలో కాకుండా కదలని తొట్టిలో ఒకసారి ముంచండి. నికెల్ తొట్టి వేడికి ఆవిరై తగ్గే నీళ్లకి బదులుగా దీంట్లోవే పోయండి. ఆ తర్వాతే పారే నీళ్ల జాడింపు, అది కూడా ఎదురు ప్రవాహంగా (కొత్త నీళ్లు ఆఖరి తొట్టిలో పడి ముందు తొట్టిలోకి వచ్చేలా) రెండు తొట్లలో. నేను చూసిన యూనిట్లలో నికెల్ నష్టం సగానికి పైగా ఇక్కడే తగ్గింది, రసాయనాల మీద పైసా పెట్టకుండా.

రెండోది, బంగారం నీళ్లూ నికెల్ నీళ్లూ కలవకుండా వేరే పైపులు, వేరే గుంటలు. ఇది రాజీపడే విషయం కాదు. సయనైడ్ కలిసిన నికెల్ గట్టి జంట కడుతుంది, ఎంత సున్నం పోసినా దిగదు, పొట్టుకీ అంటుకోదు. బంగారం నీళ్లు కార్బన్ దాటాక పీహెచ్ 10 పైన ఉంచి హైపోక్లోరైట్‌తో (బ్లీచ్ ద్రావణంతో) సయనైడ్‌ని నాశనం చేయాలి. దీనికి మాత్రం తెలిసిన మనిషిని పక్కన పెట్టుకునే చేయండి.

నికెల్ నీళ్లు పీహెచ్ 10, 10.5లో దించి, తేరాక ఇసుక ఫిల్టర్ గుండా పంపండి. చాలావరకు లీటరుకి ఒకటి, రెండు మిల్లీగ్రాములు మిగులుతుంది. రెండు వేల లీటర్లకి రెండు చొప్పున 4 గ్రాములే. ఇక్కడ పొట్టు కాలమ్ పెట్టండి. ఇంత పల్చటి నీళ్లలో గ్రాముకి 2 మిల్లీగ్రాములే పట్టినా రోజుకి రెండు కిలోలు చాలు. పీహెచ్‌ని ముందు 6 దగ్గరికి తేవాలి. మళ్లీ చెప్తున్నాను, ఆ కాస్త యాసిడ్ కూడా సయనైడ్ లేదని పరీక్షించాకే.

ఆ రెండు కిలోలు కూడా రోజూ పారేయనక్కర్లేదు. కాలమ్ నిండాక పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే నికెల్ కొద్ది లీటర్లలోకి చిక్కగా దిగుతుంది. దాన్ని మళ్లీ మొదటి దించే తొట్టిలో కలపండి. అలా నికెల్ అంతా చివరికి ఆ కిలో మడ్డిలోకే చేరుతుంది. పొట్టు కొన్ని విడతలు పనిచేస్తుంది, బలం తగ్గాకే పరవాడకి.

కాలమ్_కుమార్

దీంతో పూర్తిగా ఏకీభవిస్తాను మేడమ్. మా పేపర్లలో "చవకైన, పర్యావరణహితమైన" అని రాసేటప్పుడు వాడేసిన పొట్టు ఎక్కడికి పోతుందో కూడా రాయాలి. నా థీసిస్‌లో ఆ అధ్యాయం పెడుతున్నాను.

శీను గారూ, ఊక కన్నా వేరుశనగ పొట్టు మొదలుపెట్టడానికి మేలు. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య జల్లించండి. మరీ మెత్తటి పొడి కాలమ్‌ని మూసేస్తుంది. రంగు దిగడం ఆగేదాకా వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి. చూసుకోవడానికి డైమిథైల్ గ్లైఆక్సైమ్ తెచ్చుకోండి. కాలమ్ కింద పట్టిన నీళ్లు పరీక్ష నాళికలో కొంచెం తీసుకుని, అమోనియా చుక్క, ఈ ద్రావణం చుక్క వేస్తే నికెల్ ఉన్నప్పుడు గులాబీ ఎరుపు వస్తుంది. రంగు కనిపించడం మొదలైతే కాలమ్ నిండిపోయిందని అర్థం. అతి పల్చగా ఉంటే దీనికి దొరకదు, అందుకని అప్పుడప్పుడు ల్యాబ్ పరీక్ష తప్పదు.

అనంత_నారాయణ

శీను గారికి రెండు బస్తాలు జల్లించిన పొట్టు నేనే పంపిస్తాను, డబ్బులొద్దు. మందులు కొట్టిన చేలోవి కాకుండా చూసి వేస్తాను. లారీ ఆఫీసు పేరు మెసేజ్ చేయండి.

బందరు_శీను

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదండి. ఈ పూట నుంచే తీగల్ని తొట్టి మీద ఆపమని మా కుర్రాళ్లకి చెప్పాను. పైపులు వేరు చేయించడానికి ప్లంబర్ ఆదివారం వస్తానన్నాడు. మా వీధిలో ఇంకో నాలుగు షాపుల వాళ్లు కూడా అడుగుతున్నారు, అందరం కలిసి ఒకటే ఫిల్టర్ ప్రెస్ కొనుక్కుంటే ఎలా ఉంటుందని.

కుమార్ గారూ, మీ ల్యాబ్‌కి నీళ్లు పంపమన్నారని మెసేజ్ చూశాను. ఎలా పంపాలి? మంచినీళ్ల సీసాలో పోసి కొరియర్ చేయొచ్చా?

కాలమ్_కుమార్

తాగే నీళ్ల సీసాలో వద్దండి, ఎవరైనా పొరపాటున తాగితే ప్రమాదం. ల్యాబ్‌లో వాడే కొత్త ప్లాస్టిక్ సీసాలు నేనే పంపిస్తాను. నికెల్ నీళ్ల సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు ముందే వేసి ఉంటాయి, లోహం సీసా గోడకి పట్టకుండా. దాని మీద ఎర్ర చీటీ ఉంటుంది. సయనైడ్ పరీక్షకి వేరే సీసా, అందులో కాస్టిక్ ఉంటుంది, నీలం చీటీ. బంగారం వైపు నీళ్లు నీలం చీటీ సీసాలోనే పోయండి, ఎర్రదాంట్లో ఒక్క చుక్క కూడా పడకూడదు. నికెల్ వైపు నీళ్లలో సయనైడ్ కలిసిందేమో ఇంకా తెలియదు కాబట్టి ముందు అవి కూడా నీలం సీసాలో ఒకటి పంపండి. అందులో సయనైడ్ లేదని తేలాకే ఎర్ర చీటీ సీసా మూత తీయండి.

పద్మజ_ఈటీపీ

గ్లవుజులు, కళ్లద్దాలు వేసుకుని, తలుపులు తెరిచి ఉంచి పట్టండి శీను గారూ. ఆ నాలుగు షాపుల నీళ్లు కూడా విడివిడిగా పంపించండి. ఎవరి తొట్టిలో ఏ మందు వాడుతున్నారో తెలియకుండా ఉమ్మడి ఫిల్టర్ ప్రెస్ సైజు చెప్పలేను. ల్యాబ్ రిపోర్టులు రాగానే ఇక్కడే పెట్టండి.